నాలుగు డిగ్రీలు

“బాగానే ఉందట” అన్నాడు భర్త, నోట్లోంచి బ్రష్షు తియ్యకుండానే.

అత్తగారి మాత్రల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది ఆమె. రోజుకో వరస, వరసకి మూడు గళ్ళు. సోమవారం పొద్దున్నే ఆ ఇరవై ఒక్క గళ్ళూ నింపి మూతలు వేస్తేగానీ ఆ ఇంట్లో వారం మొదలవదు. తెల్లవి రక్తపోటుకి, గులాబీరంగువి మోకాళ్ళకి, సగానికి విరిచిన పసుపువి నిద్రకి. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే, “మీ తోడల్లుడు ఫోన్ చేశారా? అక్క ఎలా ఉందట?” అని అడిగింది. రోజూ అడిగేదే. ఆయన రోజూ చెప్పేదే. ఆ మాట చెవిన పడగానే గుండె మీద బరువుగా ఆనిన చెయ్యి ఎవరో తీసేసినట్టుంటుంది. ఇక లేచి పనిలో పడొచ్చు.

అక్కకి మాట పడిపోయి మూడు నెలలు. మాటా కుడిచెయ్యీ ఒక్క పూటలోనే పోయాయి. ఎడమచేత్తో పలక మీద రాస్తుంది. అమ్మ పోయినప్పుడు ఈమెకి ఆరేళ్ళు, అక్కకి పదహారు. చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చుందీ, పెళ్ళయి పోతుంటే గుమ్మం దాకా వచ్చి, ఏడిస్తే చెల్లెలు ఆగిపోతుందేమోనని లోపలికి వెళ్ళిపోయిందీ అక్కే. ఇప్పుడు ఆ అక్క రాసే అక్షరాలు చెల్లెలు ఆరేళ్ళప్పుడు దిద్దినవాటిలాగే వంకర్లు పోతున్నాయి. పది వారాల క్రితం చూసి బయల్దేరుతుంటే అక్క పలక మీద “ఎప్పుడు?” అని రాసింది. “రెండు వారాల్లో వచ్చేస్తానక్కా” అంది ఈమె. బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో చక్రాల కుర్చీ, కుర్చీలో అక్క, ఒళ్ళో పలక, పలక మీద తుడవని ఆ ఒక్క మాటా కనబడుతూనే ఉన్నాయి. రెండు వారాలకి అత్తగారు స్నానాలగదిలో జారారు. నాలుగు వారాలకి ఆఫీసులో గడువు ముంచుకొచ్చింది. ఆరు వారాలకి ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చారు. ఆ తర్వాత ఆమె వారాలు లెక్కపెట్టడం మానేసింది.

తనే ఫోన్ చేయొచ్చుగా అంటే, ఒకసారి చేసింది. బావగారు పాతకాలం మనిషి. ఆడవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే ఆయనకి నాలుక తిరగదు. “మీ ఆయనకి చెప్పానమ్మా, ఆయన్నడుగు” అన్నాడు. ఆ ఇంటి కబురు ఈ ఇంటికి తోడల్లుళ్ళిద్దరి మధ్యనుంచే రావాలి, ఎప్పటినుంచో అంతే. మాట్లాడలేని అక్క చెవి దగ్గర ఫోన్ పెట్టమని అడగడానికి నోరు రాలేదు. ఇంట్లో ఆయన కూడా, “ఊరికే వాళ్ళని విసిగించకు. నేను కనుక్కుంటున్నాగా” అన్నాడు. కనుక్కునే మనిషి ఒకడున్నాడు కదా అనుకుంది.

ఆఫీసులో ఆమె చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. “చిన్న చిన్న ఫంక్షన్లు చూసి సరిచేస్తాను” అని ఒకసారి చెబితే, “ఎవరివమ్మా, పెళ్ళిళ్ళా పుట్టినరోజులా?” అన్నారు అత్తగారు. ఆయన పడీపడీ నవ్వి, ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి మళ్ళీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం ఒక్క నవ్వులో తేలిపోయింది.

ఆ కంపెనీ చేసేది మందుల ఫ్రిజ్‌లకి దూరం నుంచి కాపలా కాసే ప్రోగ్రామ్. ఆస్పత్రుల్లో, చిన్నాచితకా క్లినిక్కుల్లో టీకా మందులుండే ఫ్రిజ్ లోపల బుల్లి థర్మామీటర్ పెడతారు. లోపల చలి ఎంతుందో అది పావుగంటకోసారి పంపిస్తుంది. రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉంటే తెర మీద పచ్చచుక్క, దాటితే ఎర్రచుక్క. ఆ తెరని అందంగా గీసినవాళ్ళకి చప్పట్లు, పదోన్నతులు. ఈమె చూసేది ఆ తెర కింద ఎక్కడో ఉండే చిన్న చిన్న ప్రోగ్రామ్ ముక్కల్ని, ఫంక్షన్లంటే అవే. తేదీని తిరగరాసేదొకటి, పేరుకి ఇంటిపేరు కలిపేదొకటి, అంకెని గుండ్రం చేసేదొకటి. ఒక్కోటీ అయిదారు లైన్లు. ఇలాంటివి మూడొందల పైచిలుకు, అన్నీ ఒకేచోట పడి ఉంటాయి. కుర్రాళ్ళు దాన్ని చిల్లర డబ్బా అంటారు. అవి వంటింట్లో గరిటెల్లాంటివి. ఉన్నన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనవు, ఒక్కటి కనబడకపోతే మాత్రం ఇల్లెగిరిపోయేలా కేకలేస్తారు. ఎవరేం రాసినా ఆమె చూసి సరేనంటేనే లోపలికి వెళుతుంది. అందుకని వెనకాల ఆమెకి జల్లెడమ్మ అని పేరు పెట్టారు. “జల్లెడమ్మ దగ్గర పడిందా నీది? అయితే నూక కూడా మిగలదురోయ్” అనుకోవడం ఆమె చెవిన పడుతూనే ఉంటుంది.

వాళ్ళు ప్రోగ్రామ్ రాసే భాష చాదస్తపు భాష. అందులో ప్రతి ముక్కా తనకేం కావాలో, తను తిరిగి ఏమిస్తుందో ముందే నుదుటి మీద రాసుకోవాలి. అంకె ఇస్తానంటే అంకే ఇవ్వాలి. ‘అంకె ఇస్తాను, ఒక్కోసారి ఏమీ ఉండకపోవచ్చు కూడా’ అని రాసుకుంటే, దాన్ని వాడుకునే ప్రతివాడూ ఏమీ లేని రోజున తనేం చేస్తాడో కూడా రాసి తీరాలి. రాయకపోతే యంత్రం ఎర్రగీత గీసి కూర్చుంటుంది, బతిమాలినా కదలదు. కుర్రాళ్ళకి ఆ చాదస్తం గిట్టదు. ఆమెకి అదే ఇష్టం. ఈ లోకంలో తను ఎరిగినవాళ్ళెవరూ తాము ఏమివ్వగలరో, ఏమివ్వలేరో ముందుగా చెప్పినవాళ్ళు కారు. లేనిదాన్ని లేదని ఒప్పించేదాకా వదలని వస్తువు ఆమెకి ఇదొక్కటే తెలుసు.

ఆ సోమవారం వంతు వచ్చింది ‘చలి ఎంత’ అనే ముక్కకి. ఏడే లైన్లు. థర్మామీటర్ పంపిన అంకె తీసుకుని, శుభ్రం చేసి, అడిగినవాళ్ళకి ఇస్తుంది. నుదుటి మీద ‘అంకె ఇస్తాను’ అని ఉంది. చూడ్డానికి బుద్ధిమంతురాలే. ఆఖరి లైను దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. అంకె రాకపోతే నాలుగు అనుకో, అని ఉంది అక్కడ. థర్మామీటర్ చెడిపోయినా, వైరు ఊడినా, కరెంటు లేకపోయినా నాలుగు. నాలుగంటే పచ్చచుక్క.

మార్పు రాసింది. ‘అంకె ఇస్తాను, ఏమీ ఉండకపోవచ్చు’ అని నుదుటి రాత మార్చి, నాలుగు కొట్టేసింది. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, ఆ ముక్కని వాడుకుంటున్న చోట్లన్నీ ఎర్రబరిచి చూపించింది. నూట అరవై మూడు.

వాళ్ళ పైవాణ్ణి అందరూ చాటుగా పచ్చదీపం అంటారు. తెర మీద ఎరుపు కనబడితే ఆయనకి అన్నం సయించదు. ఈమెకన్నా పదేళ్ళు చిన్న. మార్పు చూసి కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు.

“తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న బండి మేడమ్. ఇప్పుడు చక్రం ఊడదీస్తానంటారేంటి?”

“నడుస్తోందో లేదో మనకి తెలీదు కదండీ. అంకె రానప్పుడల్లా నాలుగు అంటోంది.”

“నాలుగు మంచి అంకే కదా!”

“మంచిదే. కానీ అది మన దగ్గర పుట్టిన అంకె. ఫ్రిజ్‌లోంచి వచ్చింది కాదు.”

“తెర మీద ఖాళీ కనబడితే కొన్నవాళ్ళు భయపడతారు మేడమ్.”

“భయపడాల్సిన చోట పడాలి కదా.”

ఆయన నవ్వాడు. నలుగురూ వినేలా, “ఇంట్లో సార్ ఎలా నెగ్గుకొస్తున్నారో పాపం!” అన్నాడు. నలుగురూ నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, “పాత రికార్డు తెరిచి చూడండి. రాసింది నేనే, కాదనను. చూసి సరేనన్నదెవరు?” అని లేచి వెళ్ళిపోయాడు.

తెరిచింది. తొమ్మిదేళ్ళ నాటి తేదీ. రాసినవాడి పేరు కింద చూసినవాళ్ళ పేరు తనదే. పక్కన తను రాసిన మాట, “బాగానే ఉంది.”

ఆ రోజు గుర్తొచ్చింది. అత్తగారి కంటి ఆపరేషన్. మధ్యాహ్నం నుంచి భర్త నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఇంకా బయల్దేరలేదా, నీ కంపెనీ ఏమన్నా మునిగిపోతుందా అని. చేతిలో ఉన్న ఏడింటినీ అరగంటలో చూసి, అన్నిటికీ అదే మాట రాసి, సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది. చూసిందా అంటే చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ రోజు తను ఆ మాట రాయకపోతే ఎవరేమనేవారు? తిట్టేవారు, అంతే. తిట్లు తప్పించుకోవడానికి మనిషి ఎంత చిన్న మాటతో ఎంత పెద్దదాన్ని కప్పేస్తుందో అనుకుంది.

భోజనం మానేసి, అన్ని ఫ్రిజ్‌ల లెక్కలూ గీతలుగా గీయించి ఒక్కోటీ చూడసాగింది. ఫ్రిజ్ గీత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. మూడున్నర, నాలుగుంపావు, ఎవరో తలుపు తీస్తే అయిదున్నర, మళ్ళీ మెల్లగా కిందికి. వందల గీతలు అలా ఊపిరి తీస్తున్నట్టే ఉన్నాయి. మధ్యలో ఒక చిన్న క్లినిక్కుది మాత్రం బద్దతో గీసినట్టుంది. పదకొండు రోజులుగా నాలుగు, నాలుగు, నాలుగు. బతికున్నదేదీ అంత తిన్నగా ఉండదు అనుకుంది ఆమె.

ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది. “మీ తెర పచ్చగానే ఉందిగా అమ్మా?”

“ఉంది. మీరు ఒక్కసారి తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి.”

చెప్పుల చప్పుడు. తలుపు చప్పుడు.  తర్వాత నర్సు గొంతు సన్నగా వచ్చింది. “వెచ్చగా ఉందమ్మా.” తలుపు వేసి వచ్చి, “శనివారం పద్నాలుగు మంది పిల్లలకి ఇందులోంచే వేశాం. శుక్రవారం ఇంకా ఎక్కువ. చెడిపోయిన మందు వేస్తే వేసినట్టూ కాదు, వెయ్యనట్టూ కాదు. ఇప్పుడా తల్లులకి నేనేం చెప్పాలి?” అంది.

ఆమె వెళ్ళి పచ్చదీపానికి చెప్పింది. ఆయన దగ్గర జవాబు ఉంది. “ఇది మెయిల్లో పెట్టకండి. నేను వాళ్ళ పెద్దలతో మాట్లాడతా. ఒక్క క్లినిక్కే కదా” అన్నాడు.

ఒక్క క్లినిక్కే. బస్సులో నిలబడి ఇంటికి వస్తున్నంతసేపూ ఆ గీత కళ్ళ ముందునుంచి పోలేదు. దిగాల్సిన చోటు రెండు స్టాపులుందనగా, పట్టుకున్న కడ్డీ మీద ఆమె వేళ్ళు చల్లబడిపోయాయి. బాగానే ఉందట. మొన్నా అదే. దాని ముందు రోజూ అదే. మాట పడిపోయి మంచానికి అంటుకున్న మనిషి, ఒక రోజు జ్వరం, ఒక రోజు నిద్ర లేదు, ఒక రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది, ఒక రోజు పలక విసిరికొట్టింది, ఏదో ఒకటి ఉండాలి కదా. వారాల తరబడి ఒక్క వణుకు లేదు. బద్దతో గీసినట్టుంది.

రాత్రి భోజనానికి ఇంకా టైముంది. అత్తగారు సోఫాలో, ఆయన టీవీ ముందు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడింది. ఆఫీసులో ఏ ముక్క మీదైనా అనుమానం వస్తే ఆమె చేసే పని ఒకటుంది. లేనిదాన్నొకదాన్ని దానికి అందించి, ఏమంటుందో చూస్తుంది.

“ఇవాళ మీ తోడల్లుడు చేశారా?”

“ఆఁ. బాగానే ఉందట.”

“అక్క పిల్లి ఎలా ఉందట?”

“అదీ బాగానే ఉందట” అన్నాడు, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

అక్క జన్మలో పిల్లిని పెంచలేదు. పిల్లి వాకిట్లోంచి నడిచిపోయినా పదిసార్లు తుమ్మేది.

ఆమె తన ఫోను తీసి బావగారికి చేసింది. ఆయన ఎత్తగానే, “అక్కకి ఇవ్వక్కర్లేదు. ఎలా ఉందో మీరే చెప్పండి బావగారూ. నాకే చెప్పండి” అంది.

“ఆస్పత్రిలో ఉన్నామమ్మా. ఎనిమిది రోజులైంది” అన్నాడాయన. వెనకాల ఎవరివో అడుగుల చప్పుళ్ళు. “ఊపిరితిత్తుల్లో నెమ్మన్నారు. మీ ఆయనకి రెండుసార్లు చేశా, ఎత్తలేదు. చూసుకుని తనే చేస్తాడులే అనుకున్నా. మీరు రాకపోతే... కుదరలేదేమో అనుకున్నాం. నిన్నటిదాకా తెలివిలోనే ఉంది. ఇవాళ పొద్దున్నుంచి కళ్ళు తెరవలేదు.”

నిన్నటిదాకా. ఆమె ఆ మాటని పట్టుకుని గోడకి ఆనుకుంది. నిన్న తను ఇంట్లోనే ఉంది. బీరువా సర్దింది. పరదాలు ఉతికింది.

భర్త టీవీ గొంతు తగ్గించాడు. విషయం విని ముందు తన ఫోను చూసుకున్నాడు. “అవునే, రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మీటింగ్‌లో ఉండి ఉంటా.”

“మరి రోజూ బాగానే ఉందని చెప్పారు?”

“మొదట్లో మాట్లాడేవాణ్ణి. రోజూ అదే మాట కదా! ఇక రోజూ చెయ్యడమెందుకని...”

“చెయ్యలేదని చెప్పొచ్చుగా?”

“చెబితే నువ్వు ఊరుకుంటావా? రోజంతా ముఖం వేలాడేసుకుని తిరుగుతావు. నీ బాధ చూడలేకే కదా అన్నది!” అని, నిజంగానే అర్థంకానివాడిలా అడిగాడు. “అయినా నువ్వెప్పుడన్నా తిరిగి అడిగావా? ఏమన్నాడు, ఏం తింటోంది అని ఒక్కమాటన్నా అడిగావా? ఆ ఒక్క ముక్కా చెవిన వేసుకుని నీ పనిలోకి నువ్వు పోయేదానివి.”

“మంచిమాటే కదమ్మా అన్నాడు” అన్నారు అత్తగారు సోఫాలోంచి. “చెడ్డమాటేమన్నా అన్నాడా?”

 ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. తిరిగి అడగలేదు. అడిగితే ఏమొస్తుందోనని భయం. పొద్దున్నే ఆ మాట తీసుకుని గుండె మీద కప్పుకుని పోవడం హాయిగా ఉండేది. ఆయన నాలుగు ఇచ్చాడు, తను పుచ్చుకుంది. ఆ సంగతి తెలుసుకున్నంత మాత్రాన ఆయన మీద కోపం తగ్గలేదు. ఇంకోవైపు కూడా ఒక మంట మొదలైంది, అంతే.

పొద్దున్న మొదటి బస్సు ఎక్కింది. ఆరు గంటల ప్రయాణం. ఊరు దాటాక సంచీలోంచి కంప్యూటర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మార్పు అలాగే ఆగి ఉంది. పచ్చదీపం దాని కింద, “తర్వాత చూద్దాం” అని రాసిపెట్టాడు. ఇంకొకరు సరేనంటేగానీ అది లోపలికి పోదు, ఇంకొకరెవరూ అనరు. ఆమె తొమ్మిదేళ్ళ నాటి పేజీ తెరిచి, తను రాసిన మాట కింద కొత్త లైను రాసింది. “ఇది నేను సరిగ్గా చూడలేదు. బాగాలేదు.” తర్వాత క్లినిక్కులన్నిటి చిరునామాలూ బయటికి తీసి, అందరికీ ఒకే ఉత్తరం రాసింది. పచ్చచుక్కని నమ్మకండి, తలుపు తీసి చెయ్యి పెట్టి చూడండి, మా దగ్గర అంకె లేనప్పుడు కూడా ఉన్నట్టు చూపిస్తున్నాం అని. కింద తన పేరు రాసింది. ఇది పంపితే ఉద్యోగం ఉండకపోవచ్చని తెలుసు. పంపేసి, మూత వేసి, కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. గంట తిరక్కుండా ఫోను మోగడం మొదలుపెట్టింది. పచ్చదీపం. ఆమె ఎత్తలేదు.

అక్క మంచం చివరి వరసలో, కిటికీ పక్కన ఉంది. ముక్కుకి గొట్టం. మనిషి మంచంలో సగం కూడా లేదు. పక్కన పెట్టెలో పచ్చగీత ఒకటి పైకీ కిందికీ వణుకుతూ పోతోంది. అలా వణుకుతున్నంతసేపూ ఫర్వాలేదని ఆమెకి తెలుసు. అక్క ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని, “వచ్చానక్కా. చిన్నదాన్ని” అంది. వేళ్ళ మధ్య బలపం పొడి ఇంకా తెల్లగా ఉంది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది, జుట్టు చిక్కు తీసింది, పెదాలు ఎండిపోతే నీటిచుక్క అద్దింది. ఆ రోజూ మర్నాడూ అంతే. చిన్నప్పటి సంగతులు చెప్పింది. రెండు వారాలన్నది పది వారాలు ఎందుకైందో చెబుదామని మొదలుపెట్టి, ఒక్కో కారణం పైకి అంటుంటే అది ఎంత చిన్నదో తనకే వినబడి, మధ్యలో ఆపేసింది. అక్క కళ్ళు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఎండ మంచం మీదికి వచ్చే వేళకి, గీత తిన్నగా అయింది.

భర్త వచ్చాడు. నలుగురిలో నిలబడ్డాడు, బావగారి భుజం మీద చెయ్యి వేశాడు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. “అమ్మ ఒక్కతే ఉంది మరి. నువ్వు ఆదివారానికి వచ్చెయ్. నీక్కూడా మార్పుగా ఉంటుంది” అన్నాడు.

ఆదివారం వెళ్ళలేదు. సోమవారం పొద్దున బావగారు ఆస్పత్రి నుంచి తెచ్చిన సంచీ విప్పుతున్నాడు. దువ్వెన, శాలువా, కళ్ళజోడు, అడుగున పలక. గుడ్డల మధ్య ఉండటంవల్ల రాసింది చెరిగిపోలేదు. వంకర అక్షరాలు, పలకంతా నిండేలా ఒకే మాట. “చిన్నది?”

“రోజూ అదే రాసేదమ్మా” అన్నాడు బావగారు. “తుడవడం, మళ్ళీ అదే రాయడం. ఆఖరి రోజు తుడవనివ్వలేదు.”

“మీరేం చెప్పేవారు?”

“బాగానే ఉందని. మీ ఆయనతో మాట్లాడానని.”

“మాట్లాడలేదు కదా బావగారూ.”

ఆయన అక్క కళ్ళజోడు తుడిచి దువ్వెన పక్కన పెట్టాడు. “లేదమ్మా. ఏదో ఒకటి అంటే ఊరుకుంటుందని” అన్నాడు. “అంటే తల ఊపి, ఊరుకునేది.”

ఆమె పలక పట్టుకుని వాకిట్లోకి వచ్చి, చక్రాల కుర్చీ ఉండే చోట మెట్టు మీద కూర్చుంది. ఎనిమిది రోజులు అక్క ఆస్పత్రిలో అడిగింది, ఎనిమిది రోజులు తను ఇంట్లో అడిగింది. ఒకే ప్రశ్న. ఇద్దరికీ ఇద్దరు మగవాళ్ళు అదే అంకె చేతిలో పెట్టారు. ఇద్దరూ తల ఊపి ఊరుకున్నారు. ఎవరూ ఎవరినీ చంపలేదు. ఎవరూ చెడ్డమాట అనలేదు.

ఫోను మోగింది. భర్త.

“అమ్మ మాత్రల డబ్బా ఖాళీ అయిపోయింది. ఏది ఏ గడిలో వెయ్యాలి?”

“డాక్టరు కాగితం బల్ల సొరుగులో ఉంది. చదవండి.”

“అదంతా చదివే తీరిక... సర్లే. మీ ఆఫీసువాళ్ళు నాకు చేస్తున్నారు. ఏదో ఉత్తరం పంపావటగా అందరికీ? నువ్వు బాధలో ఉండి చేశావని సర్దిచెప్పానులే. రేపొచ్చి నువ్వు ఒక్కమాట అంటే చాలట.” ఫోను పెట్టే ముందు ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు. “సరే, బాగానే ఉన్నావుగా?”

ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. పురిటిమంచం మీద అదే, నాన్న పోయిన వారానికి అదే, చెయ్యి కాలిన రోజున అదే. ఎవరన్నా అడిగితే నోరు తనంతట తనే అనేసేది. ఇప్పుడు కూడా నాలుక చివరికి వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది.

“లేను” అంది. “రేపు రావట్లేదు. ఎప్పుడొస్తానో, వస్తానో రానో కూడా తెలీదు.”

అవతలినుంచి మాట రాలేదు. అలాంటి జవాబు వస్తే ఏం చెయ్యాలో ఆయన ఎన్నడూ ఆలోచించి పెట్టుకోలేదు. ఊపిరి చప్పుడు, వెనకాల టీవీ, ఎవరూ నింపని డబ్బా మూత ఒకటి టప్పుమని పడిన చప్పుడు. ఇలాంటప్పుడు ఎప్పుడూ తనే ఏదో ఒకటి అని సర్దేసేది. ఆమె పలక ఒళ్ళో పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని, ఆ ఖాళీని అలాగే ఉండనిచ్చింది.